అక్క చేతి రెండు గరిటెలు

ముందుగా ఒక మాట. నా రాతలో ఒత్తులు ఎగిరిపోతుంటాయి, దీర్ఘాలు అడగకుండానే వచ్చి కూర్చుంటాయి. అరవై దాటాక అక్షరాలు పట్టుబడ్డ చెయ్యి ఇది. దుప్పటి మడతపెట్టినంత సాఫీగా కాగితం మీద నడవదు. ఈ కథ రాయడానికి నాకు ఏడు వారాలు పట్టింది. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

మా వీధి చివర లాండ్రీ ఇద్దరు అక్కచెల్లెళ్ళది. పెద్దామెకు అరవై ఒకటి, చిన్నామెకు యాభై ఆరు. పెద్దామెను వీధంతా చీపురుపుల్ల అంటుంది, చిన్నామెను దిండు అంటుంది. ఆ పేర్లకి వాళ్ళెప్పుడూ నొచ్చుకోలేదు. పెద్దామె మొగుడికి మాత్రం ఏ పేరూ పెట్టలేదు ఎవరూ. దిండు ఆయన్ని బావ అంటుంది కాబట్టి బట్టలు వేయడానికి వచ్చేవాళ్ళు కూడా బావ అనే పిలిచేవారు. మిషన్లు బాగుచేయడం, బండి నడపడం, ఇద్దరి మధ్య తగవు వస్తే చెవుల్లో దూది పెట్టుకుని బయట కూర్చోవడం ఆయన పనులు.

ముగ్గురూ ముప్పై ఏళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే కుండలోది తింటున్నారు. వడ్డించేది అక్క. బావకి రెండు గరిటెలు, దిండుకి రెండు గరిటెలు, తనకి రెండు గరిటెలు. ఆ లెక్క తప్పదు. అయినా అక్క మెడ ఎముకల గుంటల్లో సబ్బుబిళ్ళ పెడితే నిలబడుతుంది. దిండేమో రెండో మిషనుకీ మూడో మిషనుకీ మధ్యనుంచి పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి వెళ్ళాలి. ఒకసారి అలా వెళ్ళబోయి మూడో మిషను బొత్తాన్ని పొట్టతో నొక్కేసి, ఎవరివో ఉన్ని కోట్లు వేణ్ణీళ్ళలో ఉడికించేసింది. అవి బయటికి వచ్చేసరికి బొమ్మలకి తొడగడానికి పనికొచ్చేలా ఉన్నాయి.

అందరికీ రెండు గరిటెలే అయినప్పుడు ఈ ఒళ్ళు ఎక్కడినుంచి వస్తోంది అన్నది అక్క ప్రశ్న. జవాబు కూడా ఆవిడ దగ్గరే ఉండేది: దొంగతిండి. బిస్కెట్ల పొట్లం తేలికయితే దిండే. వెన్నముద్దలో గుంట పడితే దిండే. విచారణ లేదు, సాక్షుల్లేరు, తీర్పు మాత్రం ఎప్పుడూ సిద్ధం. దిండు ఒట్లు పెట్టుకుంది, ఏడ్చింది, అలిగింది, చివరికి నవ్వడం నేర్చుకుంది.

కానీ నాలుగేళ్ళ కింద షుగరు వచ్చాక ఆ నవ్వు సరిపోలేదు. మూడు నెలలకోసారి క్లినిక్కుకి వెళితే, రోజూ ఏం తింటున్నారని నర్సు అడిగేది. రెండు గరిటెలు అని దిండు చెప్పేది. అప్పుడు నర్సు పెన్ను ఒక్క క్షణం కాగితం మీద ఆగేది. మర్యాదగా ఓ చిరునవ్వు నవ్వి రాసుకునేది. అక్క వందసార్లు దొంగ అన్నా కలగని బాధ, ఆ పెన్ను ఆగినప్పుడు దిండుకి కలిగేది. ఇంట్లోవాళ్ళు నమ్మకపోతే పోట్లాడవచ్చు. పెన్నుతో ఎవరు పోట్లాడతారు?

ఆ క్లినిక్కు గోడ మీదే ఒకరోజు ఆమెకు ఓ ప్రకటన కనబడింది. ఒకే ఇంట్లో, ఒకే వంట తినే అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు కావాలి. ఒకరు లావు, ఒకరు సన్నం అయి ఉండాలి. శరీరం తిండిని ఎలా ఖర్చుపెడుతుందో తెలుసుకోవడానికి పరిశోధన. దిండు అటూ ఇటూ చూసింది. గోడకున్న కాగితాన్ని నాలుగు మూలలా ఊడదీసి, మడిచి, సంచీలో వేసుకుని బయటపడింది. మిగతా జనం చదువుకోవాల్సిన కాగితం అది అన్న సంగతి బస్సెక్కాక గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం ఇస్త్రీ బల్ల మీద కాగితం పరిచి, ఇందులో చేరదామంది. అక్క చదివింది. తనకి రోగమేమీ లేదు కదా, తనెందుకంది.

"నువ్వు సన్నం కాబట్టి. నేను లావు కాబట్టి. ఇద్దరూ ఉంటేనే చేర్చుకుంటారుట," అంది దిండు. "అక్కా, నేను దొంగతిండి తినడం లేదని వాళ్ళు తేల్చారనుకో. అప్పుడేం చేస్తావు?"

"తేలదు."

"తేలితే?"

అక్క కాసేపు చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె నడిపింది. "తేలితే మీ బావ ముందు కూర్చోబెట్టి, ఈ నోటితోనే ఒకసారి చెబుతాను. మా చెల్లెలు దొంగతిండి తినదు, నేనే పొరపాటు పడ్డాను అని. తేలకపోతే?"

"తేలకపోతే ఇక జన్మలో ఆ మాటకి ఎదురు చెప్పను. ఏమన్నా పడతాను."

బయట కుర్చీలో ఉన్న బావ ఇటు తిరిగి, ఇదేదో ఆలోచించి చేయండర్రా అన్నాడు. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

పరిశోధన జరిగేది పెద్దాసుపత్రి వెనక భవనంలో, రెండో అంతస్తులో. అక్కడ పెద్ద డాక్టరమ్మ చూడ్డానికి చిన్న మనిషి. బూట్లు మాత్రం ఎవరివో వేసుకొచ్చినంత పెద్దవి. ఆవిడ కింద పనిచేసే అమ్మాయికి అక్క వెళ్ళిన గంటలోనే తూకాలమ్మాయి అని పేరు పెట్టేసింది. ఎందుకంటే ఆ పిల్ల రొట్టెముక్క తూచేది, రొట్టె తిన్నాక కంచంలో రాలిన పొడిని చిన్న బ్రష్షుతో ఊడ్చి అదీ తూచేది, నోరు తుడుచుకున్న కాగితాన్ని కూడా విడిచిపెట్టేది కాదు. ఆ పిల్ల పెళ్ళిపీటల మీద మొగుణ్ణి కూడా తూచి చూస్తుంది అంది అక్క, దిండు చెవిలో.

పన్నెండు జంటలు కావాలిట. పదకొండు దొరికాయి. వీళ్ళు పన్నెండోది. డాక్టరమ్మ పంతొమ్మిది పేజీల ఒప్పందం చదివి వినిపించింది. ఇష్టం లేకపోతే ఏ క్షణంలోనైనా మానుకోవచ్చంది. కొన్ని విషయాలు ముందుగా చెబితే పరీక్ష పాడవుతుంది కాబట్టి, వాటిని అయిపోయాక చెబుతామని కూడా అందులో ఉంది. తర్వాత గది చూపించింది. మంచం, కుర్చీ, తెర వెనక మరుగుదొడ్డి, గోడకి అటో తలుపూ ఇటో తలుపూ ఉన్న చిన్న పెట్టె. భోజనం అందులోంచి లోపలికి వస్తుంది. తలుపు వేస్తే గాలి చొరబడదు. గొట్టాల్లోంచి మంచిగాలి వస్తుంది, లోపలిది బయటికి పోతుంది. మనిషి ఎంత గాలి వాడుకుందో, ఎంత చెడుగాలి వదిలిందో యంత్రం కొలుస్తుంది. దాన్నిబట్టి ఒళ్ళు రోజుకి ఎంత తిండిని కాల్చిందో తెలుస్తుంది. యంత్రానికి అబద్ధం చెప్పడం కుదరదు అంది డాక్టరమ్మ. దిండుకి ఆ మాట చెవిలో తేనె పోసినట్టనిపించింది.

అక్కకి మాత్రం సందేహాలు తీరలేదు. మనిషి వదిలే గాలి అంటే ముక్కులోంచి వచ్చేదేనా, మరెక్కడినుంచైనా వచ్చేది కూడానా అని అడిగింది. తూకాలమ్మాయి కిటికీ వైపు తిరిగి నిలబడింది. డాక్టరమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు.

"అదీ లెక్కలోకి వస్తుందమ్మా. కొద్దిగానే."

"అయితే మా చెల్లెలి గదికి పెద్ద మిషను పెట్టండి," అంది అక్క.

పక్కపక్కనే రెండు గదులు. మధ్య గోడలో అద్దం కిటికీ. ఒకరికొకరు కనబడితే బెంగ ఉండదని దాన్ని పెట్టారు. అలా పెట్టినవాళ్ళకి ఈ అక్కచెల్లెళ్ళ సంగతి తెలియదు.

మొదటి రోజు బాగానే గడిచింది. తినమన్నది తిన్నారు, తొక్కమన్నప్పుడు సైకిలు తొక్కారు, వేలికి సూది పొడిపించుకున్నారు. తెల్లవారాక అసలు పరీక్ష. నిద్ర లేచాక ఏమీ తినకుండా అరగంటసేపు కదలక, మాట్లాడక, నిద్రపోక, వెల్లకిలా పడుకోవాలి. ఒళ్ళు ఊరికే బతికి ఉండడానికి ఎంత కాలుస్తుందో అప్పుడు తెలుస్తుంది. కాలు కదిలినా, దగ్గినా, నవ్వినా లెక్క చెడుతుంది. మూడు అవకాశాలుంటాయి. మూడూ పోతే జంటను తీసేస్తారు.

దిండు పడుకుంది. ఆమెకు కదలకుండా ఉండడం కష్టం కాదు. దిండు అన్న పేరు ఊరికే రాలేదు. పైకప్పులో గీతలు లెక్కపెట్టింది. అయిదు నిమిషాలు గడిచాయి. ఎందుకో కళ్ళు పక్కకి తిప్పి కిటికీలోంచి చూసింది.

అవతల అక్క శవాసనం వేసినట్టే ఉంది, మోకాళ్ళ దాకా. కింద దుప్పటిలో కుడిపాదం మాత్రం దాని పని అది చేసుకుంటోంది. అటూ ఇటూ, అటూ ఇటూ, సంచీలో వేసిన పిల్లికూనలా. అక్క ముఖానికి ఆ సంగతే తెలిసినట్టు లేదు. కనుబొమలు ముడిచి, పెదవులు బిగించి, తన అంత కదలని మనిషి లోకంలో లేనట్టు గంభీరంగా పైకి చూస్తోంది. గోడలోని చిన్న స్పీకర్లోంచి తూకాలమ్మాయి గొంతు వినబడింది: కాలు కదులుతోందమ్మా అని. అక్క నోరు తెరవకూడదు కాబట్టి ముక్కుతోనే కాదన్నట్టు ఊఁహూఁ అంది. ఎడమపాదం కూడా మొదలైంది.

దిండు పెదవి కొరుక్కుంది. నవ్వు గొంతులోకి రాకుండా పొట్టలోకి దిగింది. ఆ పొట్ట చిన్నదా? మంచం కిర్రుమంది. ఒకసారి కిర్రుమన్న మంచం ఊరుకోదు. ఆ కిర్రుకి ఇంకా నవ్వొచ్చింది, ఆ నవ్వుకి ఇంకా కిర్రుమంది. బయట కంప్యూటరులో గీత మెట్లెక్కుతోందని స్పీకరు మొరపెట్టుకుంది. దిండు కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఇటు చూసిన అక్క, చెల్లెలు దుప్పటి కింద కొండ కదిలినట్టు కదలడం చూసి ఫక్కున నవ్వింది. మొదటి అవకాశం పోయింది.

రెండోసారి కిటికీకి తెర వేశారు. అది ఇంకా తప్పయింది. కనబడితే పాదం ఒక్కటే నవ్వించేది. కనబడకపోయేసరికి తెర వెనక ఏమేం ఊగుతున్నాయో ఊహించుకుని దిండు పదకొండో నిమిషంలో పేలిపోయింది. గోడ అవతల అక్కకి చప్పుడు వినబడకపోయినా, చెల్లెలు నవ్వుతూనే ఉంటుందని నమ్మకం; ఆవిడకీ నవ్వు ఆగలేదు. స్పీకర్లోంచి తూకాలమ్మాయి మాట్లాడబోయి, మధ్యలో బొత్తాం నొక్కి గొంతు ఆపేసింది. ఆ పిల్ల కూడా నవ్వుతోందని ఇద్దరికీ అర్థమైంది.

డాక్టరమ్మ స్వయంగా వచ్చింది. కోప్పడలేదు. ఇక ఒక్కటే ఉందమ్మా, అని మాత్రం అంది.

దిండు గబగబా కళ్ళు తుడుచుకుంది. ఈ యంత్రం తప్ప తన తరఫున చెప్పేవాళ్ళు లోకంలో లేరు. దాన్ని కూడా నవ్వి పోగొట్టుకుంటోంది. విచారంగా ఉండాలని చచ్చిపోయిన వాళ్ళందర్నీ తలుచుకుంది. వాళ్ళు కూడా పాదాలూపుతూ కనబడ్డారు. మిషనులో ఉడికిన కోట్లను తలుచుకుంది. అది మరీ పనికిరాదు. చివరికి నర్సు పెన్నును తలుచుకుంది. రెండు గరిటెలు అనగానే కాగితం మీద ఆగే ఆ పెన్ను మొనను. కొళాయి కట్టేసినట్టు నవ్వు ఆగిపోయింది. ముప్పై నిమిషాలు దిండు రాయిలా పడుకుంది. గోడ అవతల అక్క చేతులు తొడల కింద దూర్చుకుని, పాదాలు మంచం కమ్మీకి తన్నిపెట్టి, దుప్పటి మొహం మీదికి లాక్కుని, ఎలాగో నెగ్గుకొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఇద్దర్నీ బయటికి తెచ్చి డాక్టరమ్మ లెక్క చెప్పింది. పడుకుని ఊరికే ఉన్నప్పుడు అక్క ఒళ్ళు రోజుకి పదకొండు వందల ఎనభై క్యాలరీలు కాలుస్తుంది. దిండు ఒళ్ళు పదహారు వందల ఇరవై.

"అంటే నేను ఎక్కువ కాలుస్తున్నానా?" అంది దిండు ఆశగా.

అవునంది డాక్టరమ్మ. పెద్ద ఇంటికి దీపాలెక్కువ ఉంటాయి కదా. పెద్దావిడ పగలంతా కాళ్ళూ చేతులూ ఆడిస్తూ కొంత కాల్చేస్తుంది, అయినా రోజు మొత్తం మీద చిన్నావిడ ఖర్చే మూడు వందలు ఎక్కువ. ఒంటి బరువు అలాగే నిలబడి ఉందంటే, ఆ మూడు వందలు ఎక్కడినుంచో లోపలికి వెళుతూ ఉండాలి.

అక్క కుర్చీలో వెనక్కి ఆనుకుంది. అప్పటికే వీళ్ళను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి కూర్చున్న బావ వైపు చూసింది. ఆ చూపులో జెండా ఎగిరింది. "ఎక్కడినుంచో," అంది, ఆ మాటను చప్పరిస్తూ. "ఇంట్లో రెండు గరిటెలు. ఎక్కడినుంచో మూడు వందలు."

అబద్ధం చెప్పని యంత్రం అక్క పక్షాన నిలబడింది. దిండు తినలేదు. తిననిది తనకి తెలుసు. అయినా లెక్క లెక్కే. ఇక జన్మంతా పడి ఉండాలి, మాట ఇచ్చింది. లేచి సంచీ భుజానికి తగిలించుకుంది.

డాక్టరమ్మ ఆగమంది. ఆఖరి భాగం ఒకటి మిగిలింది, భోజనం. ఈసారి తూకాలమ్మాయి వడ్డించదు. ఇంట్లో ఎవరు వడ్డిస్తారో వాళ్ళే, ఇంట్లో ఎలా వడ్డిస్తారో అలాగే వడ్డించాలి. బావ కూడా కూర్చోవచ్చు, తనూ తూకాలమ్మాయీ కూడా కూర్చుంటామంది.

పక్క గదిలో తెల్లగుడ్డ పరిచిన బల్ల. అయిదు కంచాలు. చిక్కుడుగింజలూ బంగాళాదుంపలూ వేసి ఉడికించిన చిక్కటి సూపు కుండ, గరిటె. గెలిచిన ఉత్సాహంలో అక్క చేతులు కడుక్కుని వచ్చి చకచకా వడ్డించింది. బావకి రెండు, డాక్టరమ్మకి రెండు, తూకాలమ్మాయికి రెండు, దిండుకి రెండు, తనకి రెండు. చెంచాలు లేచాయి.

"ఒక్క నిమిషం," అంది డాక్టరమ్మ. బల్లగుడ్డ అంచు పట్టుకుని పైకి మడిచింది. ప్రతి కంచం కిందా బల్లలో పొదిగిన తూకం ఒకటి ఉంది. ముందు చెప్పకూడని విషయం ఇదేనమ్మా, అని క్షమాపణ అడిగింది.

తూకాలమ్మాయి కంప్యూటరు చూసి చదివింది. బావ కంచంలో సూపు మూడు వందల పన్నెండు గ్రాములు. డాక్టరమ్మది మూడు వందల తొమ్మిది. తనది మూడు వందల పదకొండు. పెద్దావిడది మూడు వందల ఎనిమిది. ఆ పిల్ల ఒకసారి ఆగి, కళ్ళద్దాలు సర్దుకుంది. చిన్నావిడది నాలుగు వందల ముప్పై ఏడు.

అక్క ముందుగా తేరుకుని, ఆ తూకం చెడిపోయిందంది. కంచాలు మార్చి పెట్టారు. అంకె కంచంతోపాటే నడిచివెళ్ళింది. అక్కకి ఒళ్ళు మండింది. పాతికేళ్ళుగా సబ్బుపొడి గుప్పిటతో తీసి వేస్తున్న చెయ్యి ఇది, ఒక్క గ్రాము తేడా రాదు, కావాలంటే ఇప్పుడే సబ్బుపొడి తెప్పించండి అంది. అందరూ చూస్తుండగానే కదా పోశాను, రెండంటే రెండు గరిటెలు.

"రెండే పోశారండీ," అంది తూకాలమ్మాయి మెల్లగా. "కానీ మిగతా నలుగురికీ గరిటె పైపైన ముంచి, కుండ అంచుకి ఒకసారి తట్టారు. చెల్లెలుగారికి అడుగుదాకా ముంచారు. తట్టలేదు."

దిండు అక్క వైపు చూసింది. ముప్పై ఏళ్ళుగా ఆ గరిటె చప్పుడు ఆమె చెవిలో ఉంది. టక్, టక్ అని బావ కంచానికి. టక్, టక్ అని అక్క కంచానికి. తన కంచానికి ఆ చప్పుడు ఎన్నడూ వినలేదన్న సంగతి ఆ క్షణం దాకా తట్టలేదు.

అక్క ఒప్పుకుంటుందా? మళ్ళీ పోస్తానంది. దిండును గది బయట నిలబెట్టి, ఆరు ఖాళీ కంచాలు పెట్టి, ముక్కూ మొహం తెలియని వాళ్ళకనుకుని పోయమన్నారు. పోసింది. మూడు వందల పది, పదకొండు, తొమ్మిది, పది, పది, పన్నెండు. చూశారా నా చెయ్యి, అంది అక్క. డాక్టరమ్మ కూడా మెచ్చుకుంది. ఏడో కంచం పెట్టి, ఇది మీ చెల్లెలికి అంది. నాలుగు వందల ఇరవై తొమ్మిది.

ఆఖరిసారి అక్క పంతం పట్టింది. గరిటెను రెండు చేతులతో పట్టుకుంది. పైపైన ముంచింది. అందరికీ వినబడేలా కుండ అంచుకి తట్టింది, రెండుసార్లూ. కంచంలో పోసింది. తూకం మూడు వందల పది చూపించింది. అక్క తలెత్తి అందర్నీ ఒకసారి చూసి, గరిటె కుండలో పెట్టబోయింది. పెట్టబోయిన చెయ్యి కుండలోంచి ఒక బంగాళాదుంప ముక్కను తీసుకుని వచ్చి, ఎవరూ అడక్కుండానే ఆ కంచంలో జారవిడిచింది. తట్టినప్పుడు ఒలికిపోయింది కదా, పాపం, అంది. అన్నాక, తను ఏమందో తనే విని, తన చేతి వైపు చూసుకుంది. పరాయివాళ్ళ చేతిని చూసినట్టు చూసింది.

గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్న దిండుకి పొద్దున ఆగిన నవ్వు తిరిగొచ్చింది. ఈసారి ఆపమనే స్పీకరు లేదు. తలుపు పట్టుకుని, తర్వాత గోడ పట్టుకుని, తర్వాత ఏదీ పట్టుకోకుండా కింద కూర్చుని నవ్వింది. తూకాలమ్మాయి కంప్యూటరు వెనక తల దాచుకుంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఫరవాలేదన్నారు, మనమేమో మొదటి పంక్తినే కూర్చున్నాం మరి అన్నాడు బావ, తన కంచం దిగులుగా చూసుకుంటూ.

అక్క కుర్చీలో కూలబడింది. "అమ్మ చెప్పింది," అంది చివరికి. "నీకు నాలుగేళ్ళే. జ్వరం తగ్గి, పుల్లలా అయిపోయావు. దానికి అడుగునుంచి తోడవే, గట్టిది పడుతుంది అని నాకు చెప్పింది. ఆ ఏడే పోయింది. ఆపమని మళ్ళీ నాకెవరు చెప్పారు?"

దిండు నవ్వు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది. "యాభై రెండేళ్ళక్కా."

"లెక్కలు చెప్పకు. పొద్దున్నుంచి లెక్కలతో చచ్చాను."

"అయితే ఆ మూడు వందలు నువ్వే పెట్టి, నన్నే దొంగ అన్నావా?"

అక్క లేచి నిలబడింది. ఇచ్చిన మాట మింగే మనిషి కాదు ఆవిడ. బావ వైపు తిరిగి, చేతులు కట్టుకుని, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలా చెప్పింది. "మా చెల్లెలు దొంగతిండి తినదు. దాని కంచంలో పడిందే తింది. వేసింది నేను. పొరపాటు నాది."

బావకి పొలమారింది. నీళ్ళు తాగినా దగ్గు తగ్గలేదు. అక్క కళ్ళు చిట్లించి ఆయన్ని చూసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ దగ్గు. మరి బిస్కెట్లు? అని అడిగింది. వెన్న కూడా నేనే, అన్నాడు బావ.

వెళ్ళే ముందు డాక్టరమ్మ ఇద్దరికీ ఒక మాట చెప్పింది. ఒళ్ళు పెరగడానికి ఇదొక్కటే కారణం అనుకోవద్దు. పుట్టుకతో వచ్చేవి ఉన్నాయి, తెలియనివి ఇంకా ఉన్నాయి. పన్నెండు జంటల లెక్కలూ తేలాకగానీ తనూ ఏమీ తేల్చి చెప్పలేనంది. మాత్రలు మానొద్దు. కానీ చిన్నావిడ రెండు గరిటెలని చెప్పింది అక్షరాలా నిజం అని తన పుస్తకంలో రాసుకుంటానంది. ఆవిడ పెన్ను ఎక్కడా ఆగకుండా ఆ వాక్యం రాయడం దిండు నిలబడి చూసింది. చుక్క పెట్టేదాకా చూసింది.

ఇంటికొచ్చాక గరిటె దిండు చేతికి మారింది. దిండు వడ్డించేటప్పుడు అక్క చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. ఆ విద్య గదిలోనే నేర్చుకుంది. మొదటి వారం దిండుకి ఆకలి కళ్ళ ముందు తిరిగింది. ఉతికిన తెల్లదుప్పట్ల దొంతర చూస్తే కేకులా కనబడేది. ఇన్నాళ్ళూ తనకి పుట్టుకతో ఉందనుకున్న ఆకలిలో పావువంతు అక్కదే అని నవ్వుకునేది. మూడు నెలలకి షుగరు కొండంత కాదు గానీ గుట్టంత దిగింది. రెండో మిషనుకీ మూడో మిషనుకీ మధ్యనుంచి ఇంకా పక్కకు తిరిగే వెళుతోంది, కానీ ఊపిరి పీల్చుకుంటూ వెళుతోంది.

ఇక్కడితో అయిపోవాలి. అక్క ఒకసారి చెబుతానంది, చెప్పింది. కానీ ఆవిడకి ఆ ఒకసారి చాలలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే మొదటి మనిషికి మూట అందిస్తూ, ఇవిగోనండి మీ చొక్కాలు ఆరు, మా చెల్లెలు దొంగతిండి తినదు అంది. ఉత్తరాలు తెచ్చేవాడికి సంతకం పెట్టి చెప్పింది. కరెంటు మీటరు చూసేవాడు మీటరు చూస్తుంటే వెనక నిలబడి చెప్పింది. తప్పు నంబరుకి ఫోను చేసినవాళ్ళకి, ఇది మీరనుకున్న చోటు కాదండీ, అయినా వినండి, అని చెప్పింది. వారం తిరిగేసరికి వీధిలో ఈ సంగతి తెలియనిది కుక్కలకే.

దిండుకి తల కొట్టేసినట్టయింది. మిషన్ల చాటునుంచి చేతులు జోడించింది. "చాలక్కా, ఆపు. ఇంతకుముందు మన ముగ్గురికే తెలుసు. ఇప్పుడు ఊరంతా నా తిండి గురించే."

"ముప్పై ఏళ్ళు అన్నాను," అంది అక్క, తిరిగి చూడకుండా బట్టల మూట కడుతూ. "ఒక్కసారి చెబితే ఆ ముడి విడిపోతుందా? అన్నన్నిసార్లూ విప్పాలి."

అప్పుడే ఓ కొత్తాయన తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. ఆ వీధికి దిగి రెండు రోజులే అయిందిట. రెండు దుప్పట్లు బల్ల మీద పెట్టి, ఎప్పటికిస్తారని అడిగాడు. గురువారం అంది అక్క. చీటీ రాసి చేతికిస్తూ, మా చెల్లెలు దొంగతిండి తినదండీ, అని చేర్చింది.

ఆయన చీటీ చూశాడు. అక్కను చూశాడు. మిషన్ల మధ్య ఇరుక్కుని ఉన్న దిండును చూశాడు.

"తింటుందని ఎవరన్నారమ్మా?" అన్నాడు అమాయకంగా.

"నేనే," అంది అక్క, గర్వంగా.

దిండు నవ్వు మొదలైంది. మూడో మిషను బొత్తాం మళ్ళీ నొక్కుకుంది.

ఇట్లు,
మడతలమ్మ (ఇదే లాండ్రీలో బట్టలు మడతపెడతాను), వయసు అరవై తొమ్మిది, ఇప్పుడు ఉండేది లాండ్రీ మేడ మీద వెనక గదిలో.